ఆ ట్రేడు నాకెందుకు వద్దు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఉరవకొండలో ఏ అరుగు మీద చూసినా ఒకటే చర్చ. మగపిల్లాడైతే ఐటీఐలో ఎలక్ట్రీషియనా, ఫిట్టరా, పాలిటెక్నిక్‌లో మెకానికలా అని పదిమందీ పది సలహాలు ఇస్తారు. ఆడపిల్ల సంగతి వచ్చేసరికి చర్చే ఉండదు. ‘కుట్టుమిషన్ నేర్చుకోనీలే’, ‘ఊళ్ళోనే ఇంటర్ చదవనీ’, ‘నర్సింగైతే నయం’ అనే మూడు మాటల్లో ఏదో ఒకదానితో తేలిపోతుంది. ఆ పిల్లకు లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో, ఇంట్లో మిక్సీ ఆగిపోతే విప్పి చూసింది ఎవరో ఆ పూట ఎవరికీ గుర్తుండదు.

ఆ పిల్లతోనే నేరుగా మాట్లాడాలని ఇది రాస్తున్నాను. చెప్పదలచుకున్నది ఒక్కటే. పనిని ఎంచుకునేటప్పుడు ‘ఇంతవరకు దీన్ని ఎవరు చేశారు?’ అనే ప్రశ్న పక్కన పెట్టండి. ‘ఈ పనికి ఏం కావాలి? ఇది నాకేం ఇస్తుంది?’ అని అడగండి. ఈ రెండు ప్రశ్నలు అడిగే అలవాటు పదహారేళ్ళకే వస్తే, బతుకులో మిగతా నిర్ణయాలు కూడా మీ చేతిలోకి వస్తాయి.

మొదట మన నేల సంగతి చూడండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లా మన అనంతపురం. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. వాన సరిగా పడితే చెనక్కాయ, పడకపోతే బెంగళూరు బస్సు. మగవాళ్ళు వలస వెళ్ళిన ఇళ్ళలో సేద్యం భారం ఆడవాళ్ళ మీదే పడుతుంది. బోరు మోటారు కాలిపోతే, స్టార్టర్ పట్టకపోతే, డ్రిప్పు పైపు మూసుకుపోతే, చెట్టు కింద కూర్చుని మెకానిక్ ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసేది కూడా ఆడవాళ్ళే. ఆలోపల పైరు వాడిపోతుంది. మోటారు నడిపే చేతికి దాన్ని బాగుచేయడం ఎందుకు నేర్పలేదు? ఎండిన పొలం గట్టు మీద నిలబడి అడిగితే ఈ ప్రశ్నకు సరైన జవాబు ఎవరి దగ్గరా దొరకదు.

కరువు నేల అంటున్నాం గానీ, పనులు లేని నేల కాదిది. ఉరవకొండ, వజ్రకరూరు చుట్టూ గాలిమరలు తిరుగుతున్నాయి. జిల్లాలో సోలార్ ప్లాంట్లు విస్తరిస్తున్నాయి. గుత్తి మండలం బేతపల్లిలో గాలి, సోలార్ కలిపిన భారీ విద్యుత్ ప్రాజెక్టుకు 2025 మేలో శంకుస్థాపన జరిగింది. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019 నుంచి నడుస్తోంది. గుంతకల్లు రైల్వే డివిజన్ కేంద్రం. వీటన్నిటికీ ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు, వెల్డర్లు, టెక్నీషియన్లు కావాలి. రాబోయే ఇరవై ఏళ్ళ జీతాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. మన అమ్మాయిలను మాత్రం కుట్టుమిషన్ ముందు కూర్చోబెడుతున్నాం. కుట్టుపని తక్కువదని నేను అనడం లేదు. ఇష్టపడి ఎంచుకున్న అమ్మాయి దానితో దుకాణం పెట్టి దర్జాగా బతుకుతుంది. వేరే దారి చూపకుండా అందరినీ అందులోకే తోయడం దగ్గరే నా అభ్యంతరం.

ఉరవకొండ నేతగాళ్ళ ఊరు కాబట్టి, పనికీ డబ్బుకూ ఉన్న సంబంధం ఇక్కడి పిల్లలకు బాగా అర్థమవుతుంది. మగ్గం మీద పట్టుచీర నేసేవాణ్ణి నేతన్న అంటాం. కండెలు చుట్టేది, పడుగు సిద్ధం చేయడంలో చెయ్యి వేసేది, తెగిన పోగు అతికేది ఇంట్లో ఆడవాళ్ళు. చాలా ఇళ్ళలో వాళ్ళ పనికి ‘సాయం’ అని పేరు. మాస్టర్ వీవర్ ఇచ్చే మజూరీ చీర లెక్కన ఒకరి చేతికి వస్తుంది, సాయం చేసిన చేతికి వేరే లెక్క ఉండదు. తెలంగాణలో ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేది, అంటే నేతకు ముందు పోగును మేకులకు చుట్టేది. ఒక్క చీరకు ఆమె చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ కదలాలి. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూడలేక మల్లేశం ఏళ్ళ తరబడి కష్టపడి ఒక యంత్రం తయారుచేశాడు, దానికి లక్ష్మి ఆసుయంత్రం అని ఆమె పేరే పెట్టాడు. 2017లో అతనికి పద్మశ్రీ వచ్చింది. ఆ కొడుకును తలచుకుంటే గౌరవం కలుగుతుంది. ఆ తల్లిలాంటి వేలమంది చేతిలో అంత నైపుణ్యం ఉందని, దానికి విలువ కట్టాలని అంతకుముందు ఎవరికీ తోచకపోవడం మాత్రం బాధ కలిగిస్తుంది.

ఇక్కడే ఒక దారి కనిపిస్తుంది. మోటారు వైండింగ్ దుకాణానికి వెళ్ళి చూడండి. రాగి తీగను లెక్క తప్పకుండా, వరుస చెదరకుండా, ఒత్తిడి సమంగా ఉంచి చుట్టాలి. చిన్నప్పటి నుంచీ కండెలు చుట్టిన వేళ్ళకు ఆ పని కొత్తగా ఉంటుందా? పట్టుపోగును తెగకుండా నడిపించిన చెయ్యి రాగి తీగను నడిపించలేదా? కావలసిన ఓపిక, చూపు, వేళ్ళ నేర్పు ఈ ఊరి ఆడపిల్లలకు ఇంట్లోనే అలవడ్డాయి. ఒక ఐటీఐ సర్టిఫికెట్ తోడైతే చాలు.

లలిత కథ పూర్తిగా వినండి

దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు తెలుగు బిడ్డ అని ఎంతమందికి తెలుసు? అయ్యల సోమయాజుల లలిత 1919లో మద్రాసులో పుట్టింది. పదిహేనేళ్ళకే పెళ్ళయింది. పద్దెనిమిదేళ్ళకు, చేతిలో నాలుగు నెలల పసిబిడ్డ ఉండగా భర్త పోయాడు. 1937 నాటి మాట ఇది. ఆ రోజుల్లో బ్రాహ్మణ కుటుంబంలో వితంతువుకు మిగిలే జీవితం ఎలా ఉండేదో పాత నవలలు చదివినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆమె చదువుకుంటానంది. వైద్యం చదివితే రాత్రీ పగలూ పరుగులు తీయాలి, పసిబిడ్డతో అది కుదరదు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఇంట్లో అన్నదమ్ములు ఇంజనీర్లు. తనూ అదే చదువుతానంది. అప్పటికి ఆ కాలేజీలో అమ్మాయిలు లేరు. సుబ్బారావు ప్రిన్సిపాల్ చాకోను, విద్యాశాఖ డైరెక్టర్ స్టాథమ్‌ను ఒప్పించాడు. 1940లో లలిత చేరింది.

ఇక్కడ మనం నేర్చుకోవలసింది ధైర్యం ఒక్కటే అనుకుంటే సగమే చదివినట్టు. వందలమంది మగపిల్లల మధ్య, హాస్టల్లో ఒంటరిగా ఉండటం ఆమెకు కష్టమైంది. సర్దుకుపొమ్మని ఎవరూ ఆమెకు నీతులు చెప్పలేదు. అమ్మాయిలకూ సీట్లు ఇస్తామని ప్రకటన ఇచ్చారు. లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా అనే ఇద్దరు సివిల్ ఇంజనీరింగులో చేరారు. ముగ్గురూ కలిసి చదివారు. పట్టాల మీద అచ్చయిన ‘అతడు’ అనే మాటను కాలేజీ వాళ్ళు చేత్తో కొట్టేసి ‘ఆమె’ అని దిద్దాల్సి వచ్చింది. లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా పనిచేసింది, తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ఉద్యోగం చేస్తూ భాక్రానంగల్ విద్యుత్ పనుల్లో పాలుపంచుకుంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్ళింది. కూతురు శ్యామలను పెంచి పెద్ద చేసింది.

ఈ కథ విన్నాక ఒక పని చేయండి. మీ బడిలో ఇంకో ఇద్దరిని కూడగట్టండి. వెల్డింగు ట్రేడులో ఒక్క అమ్మాయి ఉంటే అందరి కళ్ళూ ఆమె మీదే ఉంటాయి. ఆమె ఒక రాడ్డు పాడుచేస్తే ‘ఆడపిల్లలకు వెల్డింగు రాదు’ అంటారు. ముగ్గురుంటే ఆ తప్పు ఒకరి తప్పుగా మిగిలిపోతుంది. బస్సులో తోడు, వర్క్‌షాపులో తోడు, ఇంట్లో చెప్పుకోవడానికి కూడా బలం. స్నేహితురాలి పాస్ మార్కులతో పాటు ఆమె ట్రేడు గురించి కూడా ఇప్పుడే అడగండి.

స్తంభం ఎక్కడం నేర్చుకునే పనే

‘బలం చాలదు’ అనే మాటకు సిద్దిపేట జిల్లా బబ్బూరి శిరీష జవాబు చెప్పింది. 2019లో తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చినప్పుడు మహిళలకు అవకాశం లేదు. ఐటీఐ ఎలక్ట్రికల్ చేసిన అమ్మాయిలు హైకోర్టుకు వెళ్ళారు. కోర్టు అవకాశం ఇమ్మంది. రాతపరీక్ష పాసయ్యాక కరెంటు స్తంభం ఎక్కే పరీక్ష. శిరీష ఊళ్ళో స్తంభం ఎక్కడం సాధన చేసి మరీ వెళ్ళింది, ఎక్కింది, 2022లో నియామక పత్రం అందుకుంది. చూశారా, మధ్యలో ఉన్న మాట సాధన. స్తంభం ఎక్కడం ఎవరికీ పుట్టుకతో రాదు. లైన్‌మన్‌గా చేరే కుర్రాళ్ళు కూడా కాలు ఎక్కడ పెట్టాలో, బెల్టు ఎలా కట్టుకోవాలో నేర్చుకునే ఎక్కుతారు. మీకు భయం వేస్తే, అది నేర్చుకోని పని ముందు ఎవరికైనా వేసే భయమే అనుకోండి.

ఢిల్లీ రవాణా సంస్థలో 2015లో తొలి మహిళా బస్సు డ్రైవరుగా చేరిన సరిత ఉమ్మడి నల్లగొండ జిల్లా తండాలో పుట్టిన బిడ్డ. ఆసియాలోనే తొలి మహిళా రైలు డ్రైవర్‌గా పేరు పొందిన సురేఖా యాదవ్ సాతారాలో పుట్టి, కరాడ్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. 2023 మార్చిలో షోలాపూర్ నుంచి ముంబైకి వందేభారత్ నడిపింది, 2025 సెప్టెంబరులో రిటైరయింది. మన పిల్లలు గుంతకల్లులో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎన్నో ఇంజన్లు చూసి ఉంటారు. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు పదో తరగతితో పాటు ఐటీఐ గానీ, ఇంజనీరింగ్ డిప్లొమా గానీ ఉంటే చాలు. అద్దాలు లేకుండా చూపు బాగుండాలి. కాబట్టి ఆ కోరిక ఉన్నవాళ్ళు కోచింగ్‌కు డబ్బు కట్టే ముందే కంటి పరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు మీరు చేయవలసింది

దరఖాస్తుకు ముందు పని చూడండి. ఒక ఆదివారం నాన్నతోనో, మామతోనో వైండింగ్ షాపుకో, ట్రాక్టరు మెకానిక్ షెడ్డుకో, సోలార్ ప్యానెల్ బిగించే చోటుకో వెళ్ళండి. టెస్టర్, మల్టీమీటర్, స్పానర్ చేత్తో పట్టుకోండి. అక్కడి మనిషిని మూడు విషయాలు అడగండి: మొదటి ఏడాది ఎంత సంపాదించావు, ఏ పనిలో దెబ్బ తగిలింది, మంచి పనివాడికీ మామూలు పనివాడికీ తేడా ఎక్కడ తెలుస్తుంది. పనిని ప్రేమించేవాళ్ళు మూడో ప్రశ్నకు అరగంట చెబుతారు. ఆ అరగంట ఏ కెరీర్ గైడు పుస్తకంలోనూ దొరకదు.

తర్వాత కాగితం, పెన్ను తీసుకోండి. ఇంట్లో వాదన గెలవడానికి ఏడుపు కన్నా లెక్క బాగా పనికొస్తుంది. ఐటీఐ ఎన్నేళ్ళు, ఫీజు ఎంత, బస్సు ఖర్చు ఎంత అని రాయండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితం, ఉరవకొండ నుంచి అనంతపురం యాభై కిలోమీటర్లే. 2019లో సవరించిన అప్రెంటిస్ నిబంధనల ప్రకారం ఐటీఐ పాసైన అప్రెంటిస్‌కు నెలకు 7,000 రూపాయలకు తగ్గకుండా స్టైపెండ్ ఇవ్వాలి. డిప్లొమా చేస్తే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇదంతా ఒక పేజీలో రాసి నాన్న ముందు పెట్టండి.

‘ఆడబిడ్డకు ఇనుప పని యాలమ్మా?’ అని అవ్వ అడుగుతుంది. ఆమెతో గొడవపడొద్దు. ‘మన బోరు మోటారు కాలిపోతే నేనే బాగుచేస్తా అవ్వా, మెకానిక్కుకిచ్చే డబ్బులు నీ చేతికే ఇస్తా’ అని చెప్పండి. ‘సంబంధాలు రావు’ అని మేనత్త అంటుంది. నెలనెలా జీతం తెచ్చే అమ్మాయికి సంబంధాలు రావని అనడం, మగపిల్లాడి ఉద్యోగం గురించే మొదట అడిగే మన పెళ్ళిచూపుల పద్ధతికే పొసగదు. ఈ మాట మర్యాదగానే చెప్పవచ్చు.

చేరాక మొదటి మూడు నెలలు చాలా ముఖ్యం. వర్క్‌షాపులో అమ్మాయిలకు రికార్డు పుస్తకం రాసే పని, సామాను లెక్క చూసే పని అప్పగించడం మామూలే. ఇది చాలాసార్లు దురుద్దేశంతో జరగదు, ‘చేతులు మురికి అవుతాయిలే’ అనే జాలితో జరుగుతుంది. ఆ జాలిని ఒప్పుకుంటే రెండేళ్ళ తర్వాత చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది, పని ఉండదు. ప్రతిరోజూ పొద్దున ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్ళి ‘సార్, ఈరోజు మిషన్ మీద నా వంతు ఎప్పుడు?’ అని అడగండి. వినయంగా, తప్పకుండా, రోజూ అడగండి. లేత్ దగ్గర చున్నీ తీసేయండి, జడ ముడి వేసుకోండి, కరెంటు పనిలో గాజులు, ఉంగరం వద్దు, సేఫ్టీ షూ లేకుండా లోపలికి అడుగు పెట్టొద్దు. పని నేర్చినవాళ్ళ తొలి లక్షణం జాగ్రత్తే.

ఎవరైనా హద్దు మీరితే? పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది గానీ, అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న చోట్ల జరిగితే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ సంగతి చేరిన రోజే తెలిసి ఉండాలి, అవసరం పడిన రోజు వెతుక్కోకూడదు.

చట్టం చాలావరకు మీ పక్షానే ఉంది. ఐటీఐల్లో 30 శాతం సీట్లు అమ్మాయిలకు కేటాయించాలనే మార్గదర్శకం ఉంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రాష్ట్ర ఉద్యోగ నియామకాల్లో మహిళలకు 30 శాతం వాటా ఇచ్చే నిబంధన తెచ్చింది. దాన్ని సవాలు చేస్తే 1995లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత బడుల్లో, ఆఫీసుల్లో ఆడవాళ్ళు కనిపించడం మనకు అలవాటైపోయింది. షెడ్డుల్లో, సబ్‌స్టేషన్లలో ఇంకా అలవాటు కాలేదు. ఆ అలవాటు చేయించేది మీ తరమే.

అబ్బాయిలూ, మీకూ ఒక మాట. ఆసుపత్రిలో రోగిని ఎత్తి పడుకోబెట్టే నర్సు పనికి, ముసలివాళ్ళను చూసుకునే పనికి ఓపికతో పాటు బలం కూడా కావాలి. ఇంట్లో వంట ఆడవాళ్ళ పని అంటూనే, పెళ్ళిలో వెయ్యిమందికి వండి డబ్బు తీసుకునే వంటమాస్టరును మగవాడిగానే చూస్తున్నాం. డబ్బు వచ్చే చోట పని మగవాళ్ళది, రాని చోట ఆడవాళ్ళది అన్నమాట. నర్సింగ్, ఫిజియోథెరపీ, చిన్నపిల్లల టీచింగ్ మీ మనసుకు నచ్చితే స్నేహితులు నవ్వుతారని వదులుకోకండి. చెల్లెలు వైండింగ్ షాపులో చేరిన ఇంట్లో అన్న అన్నం వండటం నేర్చుకుంటేనే ఆమె సాయంత్రం షిఫ్టు చేయగలదు. ఇంటి పని పంచుకోకుండా బయటి పనిలో సమానత్వం అడగడం ఆమె భుజం మీద రెండో మూట పెట్టడమే.

ఉపాధ్యాయులు తలచుకుంటే ఈ మార్పు తేవడం అన్నిటికన్నా తేలిక. పదో తరగతి పిల్లలను కూర్చోబెట్టి ట్రేడుల గురించి చెప్పేటప్పుడు ‘అబ్బాయిలూ, ఫిట్టరు వినండి’ అని అనకండి. అందరికీ అన్నీ చెప్పండి. ఒకరోజు పిల్లలందరినీ దగ్గర్లోని సబ్‌స్టేషన్‌కు తీసుకెళ్ళండి, ఇంకోరోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి. ఈ ట్రేడుల్లో పనిచేస్తున్న మహిళ ఒక్కరు బడికి వచ్చి గంటసేపు మాట్లాడితే, గోడ మీద అంటించిన వంద పోస్టర్లు చేయలేని పని జరుగుతుంది.

అమ్మానాన్నలకు నాదొక విన్నపం. బిడ్డ పెళ్ళికని దాచిన డబ్బులో కొంచెం తీసి, ఆమె పాసైన రోజు ఒక మంచి టూల్‌కిట్ కొనివ్వండి. అది ఏ కరువులోనూ ఎండిపోదు. అమ్మాయిలూ, ఈసారి అడ్మిషన్లు మొదలైనప్పుడు ఆప్షన్లు పెట్టే పని అన్నకో, నెట్ సెంటర్ అబ్బాయికో అప్పగించకండి. పక్కన కూర్చుని, ప్రతి ట్రేడు పేరూ చదివి, మొదటి ఆప్షన్ మీరే పెట్టండి.